బెల్లం ముడి

ఏ సంగతినైనా సగంలో వదిలేయడం అమీరున్నీసాకు చేతకాదు. మందమర్రిలో పుట్టింట్లో ఉండగా, ఇంటి ముందు నుంచి పోయే గూడ్సు బండి ఎక్కడికి పోతుందో, అక్కడ దించిన బొగ్గును ఎవరు కాలుస్తారో అడిగి అడిగి తండ్రికి విసుగు పుట్టించేదట. పెళ్లయి గోదావరిఖని వచ్చాక ఆ గుణం తగ్గకపోగా ఇంకా ముదిరింది. దానికి కారణం లేకపోలేదు. మొగుడు అస్గర్ మిలటరీలో ఉండేవాడు. ఏడాదికి రెండు నెలలు సెలవు మీద వచ్చేవాడు, చుట్టంలా కొత్త చొక్కా వేసుకుని తిరిగేవాడు, మళ్లీ ట్రంకు పెట్టె సర్దుకుని రామగుండంలో రైలెక్కేవాడు. అట్లాంటి మనిషిని కట్టుకున్నామె ఆరాలు తీయక ఇంకేం చేస్తుంది?

ఇప్పుడా అస్గర్ పదిహేనేళ్ల సర్వీసు ముగించుకుని మొత్తానికే ఇంటికి వచ్చేశాడు. బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. రోజూ చీకటితోనే లేచి ఫస్టు షిఫ్టుకు పోతున్నాడు, పొద్దు వాలే వేళకు తిరిగి వస్తున్నాడు. అంతా సవ్యంగానే ఉంది, ఒక్కటి తప్ప. బాయిలో దిగే మనిషి బట్టలు ఉతికితే నీళ్లు నల్లబడటం లేదు.

ఆ కాలనీలో ఇది చిన్న సంగతి కాదు. వరుస క్వార్టర్ల చివర ఒక నల్లా ఉంది. మగవాళ్ల డ్యూటీ బట్టలన్నీ ఆ బండల మీదనే ఉతుకుతారు, ఇంట్లో మిగతా బట్టలతో కలపరు. ఏ ఇంటాయన ఏ పని చేసి వచ్చాడో ఆడవాళ్లు పారే నీళ్లను చూసి చెప్పేస్తారు. తట్ట పట్టి బొగ్గు నింపేవాళ్ల నీళ్లు కాటుక కలిపినట్టు దిగుతాయి. పట్టాల మీద బొగ్గు తెచ్చే టబ్బులను లాగే తాడు దగ్గర పనిచేసేవాళ్లవి జిడ్డుగా తేలుతాయి. రాయి కొట్టేవాళ్లవి బూడిద రంగు. ఈ విద్యలో అందరికన్నా ఆరితేరింది పక్క క్వార్టరు పూలమ్మ. ఆమె మొగుడు సదయ్య అదే బాయిలో సర్దారు. లోపల పైకప్పు భద్రంగా ఉందో లేదో చూసుకుని, మనుషులను తీసుకుపోయి, మళ్లీ అందరినీ క్షేమంగా బయటికి తెచ్చే బాధ్యత ఆయనది.

పూలమ్మ ఒకరోజు అస్గర్ ప్యాంటు పిండిన నీళ్లను కాసేపు చూసి, "చెల్లె, నీ మొగడు బాయిల దిగుతుండా, ఆఫీసుల కుర్చీల కూసుంటుండా? మిలటరోళ్లకు అసొంటి పనులు ఇస్తరంటరు గద" అంది.

నవ్వుతూనే అంది. అమీరున్నీసా కూడా నవ్వి ఊరుకుంది. కానీ ఇంటికి వచ్చేసరికి ఆ మాట బుర్రను తొలచడం మొదలుపెట్టింది.

కుర్చీ పని కాదని ఆమెకు తెలుసు. మొన్ననే అస్గర్ అరచేతిలో దిగిన పుల్లను సూదితో తీసింది. తీసినదాన్ని పారేయకుండా వెలుతురులో పెట్టి చూసింది కూడా. అది కర్ర చీలిక. కుర్చీలో కూర్చునేవాడి చేతికి పుల్ల ఎందుకు గుచ్చుకుంటుంది? పోనీ, బొగ్గు నింపేవాడికైనా ఎందుకు గుచ్చుకుంటుంది?

ఇంకొకటి బెల్లం. పొద్దున రొట్టెల డబ్బా కట్టేటప్పుడు అస్గర్ ఒక తెల్ల రుమాలు తెచ్చి ముందు పెట్టేవాడు. అందులో ఒక బెల్లం గడ్డ, గుప్పెడు నానబెట్టిన శనగలు పెట్టి ముడివేసి ఇవ్వాలి. బెల్లం సంగతి ఆ ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది. గొంతులోని బొగ్గు దుమ్ము దిగిపోతుందని షిఫ్టు దిగినవాళ్లు బెల్లం నములుతారు. మరి దుమ్మే అంటని మనిషికి బెల్లం ఎందుకు? నోటి రుచికి అనుకుందామంటే మనిషి తీపి ముట్టడు. ఈద్ నాడు కూడా షీర్ ఖుర్మా రెండు చెంచాలు తిని గిన్నె పక్కన పెట్టేస్తాడు. ఆ శనగలు ఇంకా విడ్డూరం. ఉప్పూ కారం వేసి పోపు పెడతానంటే వద్దంటాడు, పచ్చివే కట్టించుకుంటాడు.

ఎవరికి పెడుతున్నాడు?

ఆలోచన ఎన్ని వైపులకు పోవాలో అన్ని వైపులకూ పోయింది. బజారులో జట్కా గుర్రాలు శనగలు తినడం ఆమె చూసింది. ఎవరితోనో పొత్తు కలిసి రహస్యంగా గుర్రాన్ని కొన్నాడేమో అనుకుంది. లేకపోతే ఏ గుడిసెలోనో ఎవరి పిల్లకో బెల్లం ఆశ చూపి... అక్కడికి వచ్చేసరికి ఆలోచనను గట్టిగా పక్కకు నెట్టేసింది. నెట్టినంత మాత్రాన పోతుందా? కాసేపటికి మళ్లీ వచ్చి కూర్చుంది.

మొగుణ్ణే అడిగేస్తే పోయేది. అడగడానికి మామ అడ్డం.

మామ అబ్దుల్ రజాక్ బతుకంతా అదే బాయిలో బొగ్గు నింపాడు. ఊపిరి అందక, వాకిలి దాటితే ఆయాసపడే స్థితికి వచ్చాక, దవాఖానలో అన్‌ఫిట్ రాశారు. అట్లా రాస్తే కొడుక్కు ఉద్యోగం వస్తుంది. బొగ్గుబాయిల ఊళ్లన్నింటికీ తెలిసిన పద్ధతే అది. ముసలాయన ఊపిరి పోయింది, కొడుక్కు పని వచ్చింది, వాళ్లుంటున్న క్వార్టరు కూడా ఆ పనితో పాటే నిలిచింది. రోజూ సాయంత్రం ఆయన మంచం మీద లేచి కూర్చుని కొడుకును పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఇవాళ బాయిలో పైకప్పు ఎట్లా ఉంది, నీళ్లు ఊరుతున్నాయా, గాలి ఆడుతోందా అని వరుసగా అడిగేవాడు. వాళ్లింట్లో మాట ఉర్దూ, గడప దాటితే తెలుగు. మనం మాత్రం అన్నీ తెలుగులోనే చెప్పుకుందాం.

అస్గర్ తడుముకోకుండా జవాబు చెప్పేవాడు. కప్పు గట్టిగా ఉంది, నీళ్లు పెద్దగా లేవు, గాలి బాగుంది. వంటింట్లో రొట్టెలు కాలుస్తూ వినే అమీరున్నీసాకు ఆ జవాబుల్లో ఏదో తేడా తోచేది. చూసి వచ్చినవాడి మాటల్లా ఉండవు, ఎవరో చెప్పగా విన్నదాన్ని అప్పజెప్పినట్టు ఉంటాయి. అయినా ముసలాయన తృప్తిగా తలూపేవాడు. ఆ తృప్తిని చెడగొట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

అందుకని తనకు తెలిసిన దారి పట్టింది. మరునాడు పొద్దున బెల్లం ముడి చేతికిచ్చింది కానీ, రొట్టెల డబ్బాను సంచిలో పెట్టకుండా పిండి డబ్బా వెనక దాచింది. మొగుడు మరిచిపోయిన డబ్బా ఇచ్చిరావడానికి బాయి దాకా పోయే ఆడవాళ్లు ఎప్పుడూ ఉండేవారే, ఎవరూ వింతగా చూడరు. పిల్లలిద్దరినీ బడికి పంపి, మామకు చాయ్ ఇచ్చి, బురఖా వేసుకుని బయల్దేరింది. బురఖాతో ఉన్న సుఖం అదే. తను అందరినీ చూడొచ్చు, తనెవరో ఎవరికీ తెలియదు. ఆరాలు తీసే మనిషికి అంతకన్నా ఏం కావాలి?

అది ఇంక్లైను బాయి. నేలలోకి ఏటవాలుగా దిగే సొరంగం. పట్టాల మీద టబ్బులు తాడుతో దిగుతుంటాయి, ఎక్కుతుంటాయి. పట్టాల పక్కన మనుషులు నడిచే మెట్లు. ఆమె కంచె అవతల వేపచెట్టు కింద నిలబడి చూసింది. అస్గర్ లోపల లేడు. బయట కర్రల యార్డులో ఉన్నాడు. బాయిలో కప్పు కింద ఆసరాగా పెట్టడానికి కోసిన దుంగలను మోసి వరుసగా పేరుస్తున్నాడు. పుల్ల సంగతి తేలిపోయింది. తన ఊహ తప్పనందుకు ఆమెకు ఆ బాధలోనూ కాస్త గర్వం వేసింది.

తిండి వేళకు తాడు ఆగింది, టబ్బులు ఆగాయి. పనివాళ్లు డబ్బాలు విప్పుకుని నీడన కూర్చున్నారు. అస్గర్ మాత్రం రుమాలు చేత పట్టుకుని ఒంటరిగా బాయి మూతి దగ్గరికి నడిచాడు. మెట్లు దిగాడు. నీడ అతని నడుము దాకా వచ్చింది, తర్వాత భుజాల దాకా. చివరికి చేతిలోని తెల్ల రుమాలు ఒక్కటే స్పష్టంగా కనిపించింది. అక్కడ ఆగాడు. ముడి విప్పి బెల్లం కొరికాడు, శనగలు నమిలాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. ఆ తర్వాత వెనక్కు వచ్చి, ఎండలో నిలబడి, ఆకాశం వైపు ముఖమెత్తి ఊపిరి వదిలాడు.

ఎవరికీ పెట్టడం లేదు. తీపి ముట్టని మనిషి తనే తింటున్నాడు.

అప్పుడే లోపలి నుంచి సదయ్య ఎక్కి వచ్చాడు. అస్గర్‌ను చూసి నవ్వుతూ చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి నడిపించబోయాడు. మంచి మనసుతోనే లాగాడు. లాగేకొద్దీ అస్గర్ రెండు కాళ్లూ ముందుకు తన్నిపెట్టి, మెడ వెనక్కు వంచి, నేలకు పాతినట్టు నిలబడిపోయాడు. సదయ్య గుంజాడు, బుజ్జగించాడు, భుజం మీద చరిచాడు. అస్గర్ కదలలేదు.

ఆ నిలబడటాన్ని అమీరున్నీసా గుర్తుపట్టింది. అట్లా నిలబడినదాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. కానీ దాని గురించి విన్నది.

పెళ్లయిన రెండో ఏడు, ఎండాకాలం సెలవులో, ఒక సాయంత్రం వాకిట్లో మంచం వాల్చుకుని అస్గర్ చెప్పిన సంగతి అది. కాలనీ అంతా అతను సరిహద్దులో తుపాకీ పట్టుకుని నిలబడతాడని అనుకునేది. నిజానికి అతను కంచరగాడిదల దళంలో ఉండేవాడు. బండి పోలేని కొండల మీది చౌకీలకు తిండీ, మందుగుండూ గాడిదల మీద వేసుకుని నడిపించుకుపోయే పని. నలుగురిలో చెబితే నవ్వుతారని ఒక్క ఆమెకే చెప్పాడు. సిక్కింలో ఉన్నప్పుడు అతని చేతికి ఒక కొత్త గాడిదను ఇచ్చారట. ఒంటి మీద నంబరే తప్ప పేరు లేదు. అతనే సుల్తానా అని పిలుచుకునేవాడు. బరువెంత వేసినా మోసేది, మంచులో నడిచేది, ఏటి మీద పలకల వంతెన చూస్తే మాత్రం నాలుగు కాళ్లూ తన్నిపెట్టి నిలబడిపోయేది. ముందు నుంచి తాడుతో లాగారు, వెనక నుంచి నెట్టారు, కళ్లకు గంతలు కట్టారు. కదల్లేదు. ఇక దీన్ని వదిలించుకుందామని పైవాళ్లు అనేసరికి అస్గర్ కొంచెం గడువు అడిగాడు. రోజూ దాన్ని వంతెన దాకా తీసుకుపోయి బెల్లం, నానబెట్టిన శనగలు అక్కడే పెట్టేవాడు. తిన్నాక వెనక్కు తెచ్చేసేవాడు. రోజు రోజుకూ ఒక పలక ముందుకు. అట్లా వంతెన మధ్య దాకా వచ్చింది. అక్కడ మళ్లీ మొండికేసింది. ఎంత బెల్లం చూపినా ఆ పైన అడుగు పడదు.

"మరి ఎట్ల దాటింది?" అని ఆమె అప్పుడు అడిగింది. ఆమె అడగకుండా ఉంటుందా?

విసిగిపోయి తాడు వదిలేశానన్నాడు అస్గర్. తనొక్కడే వంతెన దాటి, అవతలి గట్టున దానివైపు వీపు పెట్టి కూర్చుని, బెల్లం తనే తినడం మొదలుపెట్టాడట. తిరిగి చూడలేదు, పిలవలేదు. కొంతసేపటికి మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలిందట.

కంచె పక్కన నిలబడి ఆ కథంతా గుర్తు చేసుకున్న అమీరున్నీసాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడు తనను తానే బెల్లం పెట్టి మచ్చిక చేసుకుంటున్నాడు. తాడు అతని చేతిలోనే ఉంది, మెడా అతనిదే. డబ్బా ఇవ్వకుండానే ఇంటికి తిరిగి వచ్చింది. సాయంత్రం అతను ఆకలితో వస్తే, డబ్బా మరిచిపోయి వెళ్లారని అబద్ధమాడింది. అతను అనుమానపడకుండా అవునన్నాడు, రొట్టెలు గబగబా తిన్నాడు. ఆ తినడం చూస్తూ ఆమె సిగ్గుతో కుంచించుకుపోయింది.

మిగిలిన సంగతి పూలమ్మ తెచ్చింది. పూలమ్మ చేత మొగుణ్ణి అడిగించడం కష్టమేమీ కాదు, అడగొద్దంటేనే కష్టం. మొదటి రోజు అస్గర్ అందరితో పాటే ల్యాంపు కట్టుకుని దిగాడట. బయటి వెలుతురు ఆగిపోయే మలుపు దగ్గర ఊపిరాడక వెనక్కు పరుగెత్తి వచ్చాడట. కొత్తవాడికి కళ్లు తిరిగాయని సదయ్య సర్దిచెబితే, నెలాఖరు దాకా పైన కర్రల పని చెయ్యనిమ్మన్నారు పైవాళ్లు. ఆ తర్వాత దిగాలి, లేదా పని పోతుంది. తండ్రి పేర వచ్చిన పని ఒకసారి పోతే మళ్లీ రాదు. తండ్రి పని పోయింది, మిలటరీ పని అయిపోయింది. ఇది కూడా పోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆ ముసలాయనను, పిల్లలను తీసుకుని ఎక్కడికి పోతారు?

నెలాఖరు ఎంతో దూరం లేదు.

కొండల్లో అంతకాలం ఏ ఫికరూ లేకుండా నడిచినవాడు, ఈ ఊళ్లో మీసం రాని కుర్రాళ్లు కూడా దిగే బాయిలో ఎందుకు దిగలేడు? ఆమె ఎంత తవ్వినా దానికి జవాబు దొరకలేదు. పదిహేనేళ్లు తల మీద ఆకాశం తప్ప ఇంకేమీ లేని మనిషికి, తలకు తగిలే కప్పు కింద ఎట్లా ఉంటుందో మనకేం తెలుసు? భయానికి కారణం ఉండి తీరాలని ఎక్కడుంది? ఆమె కారణాన్ని వదిలిపెట్టింది. జీవితంలో మొదటిసారి ఒక సంగతిని సగంలో వదిలేసి, దారి ఏమిటన్న దాని మీద పడింది.

ఆ ఆదివారం పూలమ్మ ఇంటికి పోయి, లోపలి గదిలో తెర వెనక నిలబడింది. పరాయి మగవాడితో అంతసేపు మాట్లాడటం ఆమెకు అదే మొదలు. సదయ్య ఇవతల బీడీ ఆర్పేసి కూర్చున్నాడు.

"అన్నా, రేపటి సంది ఆయన చెయ్యి పట్టకుండ్రి. రమ్మని గూడ అనకుండ్రి. తిండి యాళ్లకు మీరు మలుపు దాటి ముంగటికి పోయి, ఆయన దిక్కు వీపు పెట్టి కూసోండ్రి. మీ డబ్బా మీరు తినుండ్రి."

సదయ్య గొంతులో కొంచెం నొచ్చుకున్నట్టు వినిపించింది.

"అమ్మా, నేను సర్దారును. ఎనకొచ్చేటోన్ని చూసుకుంట నడుసుడే నా పని. కొత్తోన్ని చీకట్ల ఇడిసిపెట్టి వీపు తిప్పుమంటున్నవా?"

"ఇడిసి పోవద్దన్నా. మీ వీపు ఆయనకు కనవడాలె. మీరు ఆడ ఉన్నరని తెలువాలె. రమ్మంటున్నరని మాత్రం తెలువొద్దు."

ఇదంతా ఎక్కడ నేర్చావని సదయ్య అడిగాడు. పూలమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. గాడిద కథ ఇక్కడ చెబితే, రేపు నల్లా దగ్గర అస్గర్ పేరు ఏమవుతుందో ఆమెకు తెలుసు. మిలటరీలో అట్లాగే నేర్పిస్తారని చెప్పింది. అందులో అబద్ధమేమీ లేదు. మిలటరీ పద్ధతి అనేసరికి సదయ్య మెత్తబడ్డాడు. తాడు ఆగి ఉన్న వేళ అయితే ప్రమాదం లేదు, చూద్దాం అన్నాడు.

సోమవారం ఏమీ జరగలేదు. మంగళవారం కూడా అంతే. వీపు తిప్పి కూర్చోలేక తన మెడ పట్టేస్తోందని, అన్నం గొంతు దిగడం లేదని సదయ్య ఇంట్లో గొణిగినట్టు పూలమ్మ చెప్పింది. అన్నేళ్లుగా వెనక్కు చూస్తూ నడిచిన మనిషి మరి. ఇంకొక్కటి రెండు రోజులు ఓపిక పట్టమని అమీరున్నీసా బతిమాలింది. ఇంట్లో అస్గర్ ముందు మాత్రం పెదవి విప్పలేదు. పొద్దున్నే రుమాలు అందుకునేది, బెల్లం పెట్టేది, ముడివేసి ఇచ్చేది. ఎన్నో అడిగే మనిషి ఏమీ అడగకుండా ఉండటం ఎంత కష్టమో ఆ వారం ఆమెకు తెలిసివచ్చింది.

నెల చివరి రోజు వచ్చింది. ఆ రోజు ఆమె చేతులు ఏ పనీ సరిగ్గా చేయలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. మామ దగ్గు వినిపించినప్పుడల్లా ఉలిక్కిపడింది. తిండి వేళ దాటింది, ఎండ వాకిట్లోకి జారింది. షిఫ్టు ముగిసిన సైరన్ కూయగానే గుమ్మం దగ్గరికి వచ్చి, తలుపు ఓరగా తెరిచి, రోడ్డు మీద కళ్లు పెట్టింది.

మనుషులు గుంపులుగా వస్తున్నారు. అందరి ముఖాలూ ఒకటే నలుపు, నడకను బట్టి ఎవరెవరో పోల్చుకోవాలి. ఆమె అలవాటు కొద్దీ శుభ్రమైన చొక్కా కోసం వెతికింది. ఒక గుంపు పోయింది, ఇంకొకటి పోయింది. శుభ్రమైన చొక్కా ఒక్కటీ రాలేదు. అంటే మనిషి ఎటు పోయినట్టు? దిగలేకపోయి, ముఖం చూపించలేక ఏ రైలైనా ఎక్కేశాడా? అంతలో నిలువెల్లా నల్లబడ్డ మనిషి ఒకడు రోడ్డు దిగి, నేరుగా వాళ్ల క్వార్టరు ముందుకు వచ్చి చెప్పులు విడిచాడు.

పొద్దున తనే ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా అది. అయినా గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది.

అస్గర్ స్నానానికి కూడా పోకుండా తండ్రి మంచం దగ్గరికి నడిచాడు. రజాక్ లేచి కూర్చున్నాడు. కొడుకును దగ్గరికి లాక్కుని, బొటనవేలితో చెవి వెనక రుద్ది, వేలికి అంటిన మసిని చూసుకున్నాడు. ఆ తర్వాత రోజూ అడిగే మాటే అడిగాడు.

"ఇయ్యాల కప్పు ఎట్లున్నది బిడ్డా?"

ఈసారి అస్గర్‌కు జవాబు తడబడింది. "చూడలే అబ్బాజాన్. తల పైకెత్తలే. కాళ్ల దిక్కే చూసుకుంట నడిచిన."

"మొదటి రోజు నేను గూడ చూడలే" అన్నాడు ముసలాయన.

మొదటి రోజు అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమీరున్నీసా ఆ మాట విని గోడకు ఆనుకుంది. అంటే ఇన్నాళ్లూ అన్నీ తెలిసే అడుగుతున్నాడన్న మాట. బొగ్గులో బతుకు గడిపినవాడికి కొడుకు చెవులు శుభ్రంగా ఉన్నాయని కనిపించలేదా? కొడుకు చెప్పే అబద్ధాన్ని రోజూ తలూపి నిలబెట్టాడు, ఏదో ఒకనాటికి అది నిజమవుతుందని. ఆరాలు తీయడంలో తనను మించినవాళ్లు లేరనుకున్న ఆమె, మామ ముందు ఏమీ కానని ఆ పూట ఒప్పుకుంది.

ఆ బట్టలను ఆమె ఆ సాయంత్రమే నల్లా దగ్గరికి తీసుకుపోయింది. రేపటి దాకా ఆగవచ్చు, ఆగలేదు. చొక్కాను బండ మీద వేసి నీళ్లు పోసింది. నీళ్లు నల్లగా, చిక్కగా, బండ అంచు దాటి మోరీలోకి దిగాయి. పూలమ్మ బిందె పట్టుకుని నిలబడి చూసింది. ఏదో అనబోయి, అమీరున్నీసా ముఖం చూసి, బిందె నింపుకుని వెళ్లిపోయింది. పూలమ్మ ఏమీ అనకుండా పోవడం ఆ నల్లా పుట్టిన తర్వాత అదే మొదటిసారి అయ్యుంటుంది.

తిరిగి వచ్చేసరికి అస్గర్ స్నానం చేసి వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాడు. కళ్ల అంచుల్లో నలుపు ఇంకా పోలేదు. ఆమె తడి బట్టలు తాడు మీద ఆరేస్తుంటే, ఇన్నాళ్లూ దాచినదంతా తనే చెప్పుకొచ్చాడు. మలుపు దగ్గర సదయ్య ల్యాంపు ముందుకు వెలుగుతుంటే, ఆ వెలుగు అంచున అతని వీపు ఒక్కటే కనిపించిందట. సదయ్య తిరిగి చూడలేదు, పిలవలేదు. ఆ వీపును చూస్తూ చూస్తూ నడిచి, వెళ్లి పక్కన కూర్చున్నాక, సదయ్య అప్పటికీ ఇటు తిరగకుండానే చెయ్యి చాపి, బెల్లం కొంచెం పెట్టమన్నాడట. చెరి సగం తిన్నారు. ఆ తర్వాత లేచి ఇద్దరూ కిందికి దిగారు. షిఫ్టు అయ్యేదాకా అస్గర్ తట్ట పట్టి బొగ్గు నింపాడు. రేపు మళ్లీ భయం వేస్తుందేమో తెలియదన్నాడు. వేసినా ఇప్పుడు దారి తెలుసన్నాడు.

చెప్పడం ఆపి, ఆమె వైపు తిరిగాడు.

"సదయ్యన్నకు వీపు తిప్పి కూసోమని ఎవరు చెప్పిన్రు? ఆ ముచ్చట ఎరుకున్నది లోకంల ఇద్దరికే. నాకు, సుల్తానాకు."

"నాకు గూడ ఎరుకే" అంది ఆమె, చొక్కా చేతులు దులుపుతూ.

"నీకెవరు చెప్పిన్రు?"

"మీరే. పెండ్లయిన రెండో ఏడు, గీ మంచం మీదనే కూసోని."

అస్గర్ నుదురు రుద్దుకున్నాడు. ఎంత వెతుక్కున్నా ఆ సాయంత్రం అతనికి దొరకలేదు. తనకు యాదికి లేదన్నాడు.

"మీకెందుకుంటది?" అంది అమీరున్నీసా. "రెండు నెలలు మాట్లాడి పోయేటోళ్లు. మిగిలిన పది నెలలు నేనేం జేస్కుంట బతికిననుకున్నరు?"

అతను రుమాలు ముడిలో మిగిలిన చిన్న బెల్లం పలుకు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుంది.

కాసేపటికి, తను ఇంకా ఏమేం చెప్పాడో చెప్పమని అస్గర్ అడిగాడు. ఆమె ఒకటి చెప్పింది. ఆ తర్వాత ఏమైందని అడిగాడు.